కాకి దూరం, కాలి దూరం: కొనబోయే ఇంటి చుట్టూ నడకను పరీక్షించడం ఎలా

బ్రోచర్‌లో ‘బడి 500 మీటర్లు’ అని ఉంటుంది. అది కాకి దూరం. మ్యాపు మీద రెండు చుక్కలు పెట్టి స్కేలుతో కలిపితే వచ్చే లెక్క. మీకు రెక్కల్లేవు కాబట్టి లిఫ్టు దిగాలి, గేటు దాటాలి, కాంపౌండు గోడ వెంబడి చుట్టు తిరగాలి, డివైడర్‌లో సందున్న చోటు దాకా పోయి రోడ్డు దాటాలి, మళ్లీ అవతలి పక్కన వెనక్కి రావాలి. ఆ 500 కాస్తా 1,300 అవుతుంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీ కాళ్లు కొలిచేది ఈ రెండో దూరాన్నే.

ప్లాను ప్రకారం కట్టిన కాలనీ అనగానే నడకకు అనువుగానే ఉంటుందనుకుంటాం. ప్లాను ఉండడం వేరు, ఆ ప్లానులో నడిచే మనిషికి చోటుండడం వేరు. తిన్నటి రోడ్లు, పూలమొక్కలు, ఎత్తైన ముఖద్వారం చూసి కొని, తర్వాత పెన్సిల్ కావాలన్నా బండి తీసేవాళ్లు ఎందరో. ముందే పరీక్షించుకోవడం కష్టమేం కాదు. రెండు మూడు సాయంత్రాలు మ్యాపు ముందు, రెండు రోజులు కాలినడకన, ఒక రోజు కాగితాల మీద గడిపితే చాలు.

1. ముందు మీ నడకలు రాసుకోండి

ఇళ్లు చూడడానికి పోకముందే రెండు వారాల పాటు ఇంట్లోవాళ్లు ఎక్కడెక్కడికి వెళ్తున్నారో ఒక కాగితం మీద రాయండి. ఎవరు, ఎక్కడికి, ఎన్ని గంటలకు, చేతిలో ఏముంది. వారానికి రెండుసార్లకు మించి వచ్చినవాటి కింద గీత గీయండి. మామూలుగా ఆరో ఎనిమిదో తేలతాయి: బడి, సరుకుల కొట్టు, మందుల షాపు, బస్ స్టాప్, పార్కు, పెద్దవాళ్లు వెళ్లే క్లినిక్ లాంటివి. మీకు కావలసిన కాలనీ అంటే ఈ చోట్లకు నడిచి వెళ్లనిచ్చే కాలనీ. క్లబ్‌హౌస్, ఈతకొలను ఈ జాబితాలో రాకపోతే వాటికి మార్కులు వేయకండి.

ఒక్కో చోటికీ ఎవరు నడుస్తారో పక్కన రాయండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు 80 మీటర్లు నడుస్తాడు. అంటే 400 మీటర్లు 5 నిమిషాలు, 800 మీటర్లు 10 నిమిషాలు. డెబ్బై దాటినవాళ్లకు నిమిషానికి 60 మీటర్లు లెక్కేసుకోండి, అదే 400 మీటర్లకు ఏడు నిమిషాలు పడుతుంది. రోజూ చేసే పనికి పది నిమిషాల లోపు నడక అయితే మనిషి ఆలోచించకుండా చెప్పులు తొడుక్కుంటాడు. పదిహేను దాటితే బండి తాళం కోసం చెయ్యి దానంతటదే వెళ్తుంది.

2. మ్యాపు దగ్గర చేయాల్సిన పని

గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సాధనంతో ఇంటి నుంచి బడికి తిన్నటి గీత గీసి, ఆ మీటర్లు రాసుకోండి. తర్వాత అవే రెండు చోట్ల మధ్య నడక దారి అడిగి, ఆ దూరం రాసుకోండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. ఈ ఒక్క అంకె కాలనీ గురించి బోలెడు చెబుతుంది.

గళ్లనోటు పుస్తకంలా అడ్డంగా నిలువుగా వీధులున్న చోట ఈ అంకె ఎప్పుడూ 1.41 దాటదు, అన్ని దిక్కులకూ సగటు తీస్తే 1.27 దగ్గర ఉంటుంది. కాబట్టి 1.3 వచ్చిందంటే హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. 1.5 దాటితే మధ్యలో ఏదో అడ్డం ఉందన్నమాట: గోడ, రైలు పట్టాలు, కాలువ, వేగంగా బండ్లు పోయే రోడ్డు, లేదా ఎటూ పోని మూసుకుపోయిన వీధులు. 2 దాటితే, ఆ చోటు మీ జాబితాలో లేనట్టే అనుకోండి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, బయలుదేరే చుక్కను కాలనీ గేటు దగ్గర పెట్టడం. పెద్ద ప్రాజెక్టుల్లో ఫ్లాటు తలుపు నుంచి గేటు దాకానే 300, 400 మీటర్లు ఉంటుంది, లిఫ్టు కోసం ఎదురుచూపు అదనం. చుక్క మీరు కొనబోయే బ్లాకు మెట్ల దగ్గరే పెట్టాలి. రెండోది, మ్యాపును గుడ్డిగా నమ్మడం. తాళం వేసిన చిన్న గేటు మ్యాపుకు తెలియదు. అది తెరిచి ఉందనుకునే దారి చూపిస్తుంది. అదే సమయంలో, జనం రోజూ వాడే మెట్లదారినీ సందునూ వదిలేస్తుంది. అందుకే అదే చోటును 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ చూడండి. ఎవరైనా దిద్దగలిగే మ్యాపు కాబట్టి అందులో కాలిబాటలు, గేట్లు, మెట్లు, ప్రైవేటు రోడ్లు విడివిడిగా గుర్తించి ఉండే అవకాశం ఎక్కువ. కొత్త కాలనీల్లో మాత్రం అక్కడ కూడా ఖాళీలుంటాయి.

ఓపెన్‌రూట్‌సర్వీస్ అనే ఉచిత సైటు ఇంకో మంచి పని చేస్తుంది. ఒక చుక్క పెట్టి ‘నడక, 5 నిమిషాలు’ అని ఎంచుకుంటే, ఆ సమయంలో చేరగలిగిన ప్రాంతమంతా రంగు పూసి చూపిస్తుంది. 400 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా గీస్తే లోపల 50 హెక్టార్లు పడుతుంది. చక్కటి గళ్ల వీధులున్నా అందులో మనం నిజంగా చేరగలిగేది వజ్రం ఆకారంలో 32 హెక్టార్లే, అంటే 64 శాతం. కాబట్టి మీ రంగు మరక గుండ్రంలో 60 శాతం దాకా నిండితే అది దాదాపు ఉత్తమం. 30 శాతం దగ్గర ఆగి, చేతివేళ్లలా పొడుగ్గా చీలిపోతే, కాలనీలోని రోడ్లన్నీ ఒకే గేటు వైపు తిరిగి ఉన్నాయని అర్థం.

వీధి మూలల మధ్య దూరం కూడా కొలవండి. 100 మీటర్లకో కూడలి ఉంటే చదరపు కిలోమీటరులో వంద కూడళ్లు వస్తాయి. 200 మీటర్లకు పెంచితే ఆ సంఖ్య సగం కాదు, పాతికకు పడిపోతుంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం నడుమ బ్లాకు సుమారు 61 మీటర్లు, స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఇంజనీరు సెర్దా గీసిన బ్లాకు 113 మీటర్లు, అమెరికాలోనే సాల్ట్ లేక్ సిటీలో 201 మీటర్లు. మూడూ ప్లాను వేసి కట్టినవే, మూడూ గళ్ల వీధులే. అయినా మొదటిదానిలో ఒక దారి నచ్చకపోతే నిమిషంలో ఇంకో దారి పట్టొచ్చు, మూడోదానిలో అదే గోడ పక్కన రెండున్నర నిమిషాలు నడవాలి.

వాక్ స్కోర్ అనే సేవ 2007 నుంచి ఉంది. అమెరికా, కెనడా లాంటి దేశాల్లో చిరునామా ఇస్తే సున్నా నుంచి వంద దాకా మార్కు వేస్తుంది. 90 దాటితే రోజువారీ పనులకు బండి అక్కర్లేదని, 50 లోపైతే చాలా పనులకు బండి కావాలని దాని లెక్క. ఇళ్లను వడపోయడానికి పనికొస్తుంది, కొనాలా వద్దా తేల్చుకోవడానికి పనికిరాదు. కొట్టు ఎంత దూరంలో ఉందో దానికి తెలుసు గాని, ఆ దారిలో నీడ ఉందో లేదో, కాలిబాట మీద ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుందో లేదో తెలియదు.

లేచే ముందు ఇంకొక్క పని. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు చూసే వీలుంది. పదేళ్లు వెనక్కి జరపండి. ఇప్పుడు ప్లాట్లున్న చోట అప్పుడు నీళ్లు మెరుస్తున్నాయా? ప్రాజెక్టు రెండో దశ కడతామంటున్న స్థలం ఎన్నేళ్లుగా అలాగే బీడుగా పడి ఉంది? బిల్డర్ చెప్పే తేదీల కన్నా ఈ బొమ్మలు నిజాయితీగా మాట్లాడతాయి.

3. ప్లాను ఏ కోవదో గుర్తుపట్టండి

ఏ లేఅవుట్ చూసినా అది మూడు నాలుగు పాత ఆలోచనల్లో ఒకదానికి చుట్టం అయి ఉంటుంది. ఏదో తెలిస్తే ఎక్కడ నొక్కి చూడాలో తెలుస్తుంది.

1929లో అమెరికా ప్లానర్ క్లారెన్స్ పెర్రీ ప్రతిపాదించిన ‘నైబర్‌హుడ్ యూనిట్’ మొదటిది. నడుమ ప్రాథమిక పాఠశాల, చుట్టూ 160 ఎకరాల్లో ఇళ్లు, పదో వంతు స్థలం పార్కులకు, వాహనాల పెద్ద రోడ్లు అంచుల్లో, దుకాణాలు ఆ అంచుల్లోని కూడళ్ల దగ్గర. బడికి అర మైలు లోపు నడక. చండీగఢ్‌లో 800 మీటర్లకు 1,200 మీటర్ల సెక్టారు కూడా ఈ దారిదే: వేగపు రోడ్లు చుట్టూ, ప్రశాంతమైన వీధులు లోపల. ఇలాంటి కాలనీలో లోపల నడక బాగుంటుంది, తంటా అంతా అంచులోనే. మీ పనులు పక్క సెక్టారులో ఉంటే, మధ్యనున్న పెద్ద రోడ్డు ఎలా దాటుతారన్నదే అసలు పరీక్ష.

అదే 1929లో అమెరికాలో న్యూజెర్సీలోని రాడ్‌బర్న్‌లో క్లారెన్స్ స్టెయిన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు ప్లానర్లు ఇంకో దారి తొక్కారు. బండ్లు మూసుకుపోయిన చిన్న వీధుల్లోకి వచ్చి ఆగిపోతాయి. మనుషులు ఇళ్లకు అవతలి పక్కనున్న తోటల గుండా నడిచి, రోడ్డు కిందనున్న సొరంగదారిలో అవతలకు వెళ్తారు. అక్కడ ముందు గదులు, పడగ్గదులు ఆ తోటల వైపే చూస్తాయి. దాన్ని కాపీ కొట్టిన చాలా చోట్ల ఆ ఒక్క ముక్కే మరిచిపోయారు. బాట పక్కన కిటికీలకు బదులు వెనక ప్రహరీలు లేచాయి. చీకటి పడ్డాక ఆ బాటలో ఎవరూ నడవరు. ఇళ్ల వెనక నుంచి పోయే ‘గ్రీన్ వాక్‌వే’ మీ బ్రోచర్‌లో ఉంటే, దానివైపు ఎన్ని కిటికీలు తెరుచుకుంటాయో లెక్కపెట్టండి.

మూడో రకంలో బండిని కావాలనే చుట్టు తిప్పుతారు. నెదర్లాండ్స్‌లోని హౌటెన్‌లో ఒక పేట నుంచి ఇంకో పేటకు కారు బయటి వలయ రహదారి మీదుగా పోవాలి, సైకిలు, మనిషి నేరుగా పోతారు. జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరపు వాబన్ పేటలో కార్లను అంచునున్న గ్యారేజీల్లో నిలిపి ఇంటికి నడిచి వస్తారు. ఇలాంటి చోట కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: బండి ఎక్కడ పెట్టాలి, ఆ చోటు ధర ఇంటి ధరలో కలిసిందా, విడిగానా? ఇది తేల్చుకోకుండా చేరినవాళ్లే తర్వాత కాలిబాట మీద కార్లు ఎక్కిస్తారు.

4. నడవండి, కొలవండి

దీనికి సరంజామా చిన్నదే: ఐదు మీటర్ల టేపు, ఫోనులో స్టాప్‌వాచ్, నోట్‌బుక్, ఐదు కిలోల బరువు పెట్టిన చక్రాల సంచి. ఆ సంచి మరిచిపోవద్దు. ఉత్త చేతులతో నడిస్తే కనబడని మెట్టూ గుంతా చక్రాలకు వెంటనే కనబడతాయి. పిల్లల బండికైనా చక్రాల కుర్చీకైనా అదే కష్టం.

మూడు వేళల్లో నడవండి. బడి తెరిచే ముందు, మిట్ట మధ్యాహ్నం, రాత్రి తొమ్మిది తర్వాత. వాన పడిన గంటలోపు నాలుగోసారి వెళ్లగలిగితే ఇంకా మంచిది. సేల్స్ మనిషి వెంట వద్దు, వాళ్లు బండిలో తిప్పి చూపిస్తారు.

ఫ్లాటు తలుపు దగ్గర స్టాప్‌వాచ్ నొక్కండి. దారిలో ఆగిన ప్రతి చోటా ఎందుకు ఆగారో రాయండి.

కాలిబాట వెడల్పు దగ్గర టేపు తీయండి. ప్లానులో రెండు మీటర్లు అని ఉంటుంది. అక్కడ ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి: రోడ్డు వైపు అర మీటరు డ్రైనేజీ మూతలకు పోయింది, గోడ వైపు దీపస్తంభాలు, చెట్ల తొట్లు అర మీటరు పైనే తిన్నాయి. కాళ్లకు మిగిలింది తొంభై సెంటీమీటర్లు. చక్రాల కుర్చీ ఒకటి పోవడానికి అది సరిగ్గా సరిపోతుంది, ఎదురుగా ఇంకెవరొచ్చినా ఒకరు రోడ్డు మీదికి దిగాల్సిందే. రెండు చక్రాల కుర్చీలు పక్కపక్కన దాటిపోవాలంటే అడ్డం లేకుండా 1.8 మీటర్లు కావాలి. కాబట్టి కొలవాల్సింది రాళ్లు పరిచిన వెడల్పు కాదు, అన్నిటికన్నా ఇరుకైన చోట మిగిలిన వెడల్పు. వంద మీటర్ల బాటలో ఒక్కచోట దారి మూసుకుపోయినా జనం మొత్తం వంద మీటర్లూ రోడ్డు మీదే నడుస్తారు, ఎక్కి దిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎత్తు కూడా చూడండి. రోడ్డు నుంచి 15 సెంటీమీటర్లు దాటితే ముసలివాళ్లు ఎక్కరు. ఆ 15కి వాలు కట్టాలంటే ఒకటికి పన్నెండు లెక్కన 1.8 మీటర్ల పొడవు కావాలి. అరమీటరులో వాలు ముగించేశారంటే అది చక్రాల కోసం కట్టింది కాదు, ఫొటో కోసం కట్టింది. ప్రతి ఇంటి గేటు దగ్గరా బండి ఎక్కడానికి కాలిబాటను కోసేస్తే అది అలల్లా లేచి పడుతుంది. మీ చక్రాల సంచి మోత చెబుతుంది.

ఇప్పుడు బండ్ల వేగం. దీనికి పోలీసుల స్పీడ్ గన్ అక్కర్లేదు. రోడ్డు పక్కన సరిగ్గా 50 మీటర్ల దూరంలో ఉన్న రెండు గుర్తులు, రెండు స్తంభాలో చెట్లో ఎంచుకోండి. బండి మొదటిదాన్ని దాటగానే నొక్కి, రెండోదాన్ని దాటగానే ఆపండి. ఆరు సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు. 3.6 సెకన్లే పడితే 50. ఇరవై బండ్లు కొలవండి. 30 నుంచి 50కి పోతే ఢీకొట్టే శక్తి దాదాపు 2.8 రెట్లు పెరుగుతుంది. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో 30కి మించనీయవద్దని రోడ్డు భద్రతపై ప్రపంచ దేశాల సమావేశం చేసిన 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది అందుకే. ఇరవైలో సగం ఆరు సెకన్ల లోపే దాటేస్తుంటే, అక్కడ వేగ పరిమితి బోర్డు ఉన్నా లేనట్టే. కారణం సాధారణంగా రోడ్డులోనే ఉంటుంది: అక్కర్లేనంత వెడల్పు, వంపు లేని పొడవు, బ్రేకు నొక్కకుండానే తిరగగలిగేంత గుండ్రటి మలుపులు.

పెద్ద రోడ్డు దాటే చోట సిగ్నల్ ఉంటే పచ్చ మనిషి బొమ్మ ఎన్ని సెకన్లుంటుందో చూడండి. 14 మీటర్ల రోడ్డు చురుగ్గా నడిచేవాళ్లకు 12 సెకన్లు, నెమ్మదిగా నడిచేవాళ్లకు 16 సెకన్లు. ఆ తేడా తెలుసు కాబట్టే అమెరికా ట్రాఫిక్ నియమావళి 2009లో నడక వేగాన్ని సెకనుకు 4 అడుగుల నుంచి 3.5 అడుగులకు తగ్గించింది. సిగ్నల్ లేకపోతే, నడుమ నిలబడడానికి చోటుందా, రెండు విడతల్లో దాటొచ్చా? వంతెన ఎక్కి దాటాల్సి వస్తే మెట్లు లెక్కపెట్టండి. జనం వంతెన కింద నుంచే దాటుతుంటే మీ ఇంట్లోవాళ్లూ రేపు అలాగే దాటుతారు.

మధ్యాహ్నం నడకలో వంద అడుగులు వేసి ఎన్ని నీడలో పడ్డాయో లెక్కపెట్టండి. యాభై దాటితే బాగుంది. బ్రోచర్‌లోని చెట్లు పదిహేనేళ్ల వయసువి, నేల మీద ఉన్నవి కర్రకు కట్టిన మొక్కలు. చెట్టు నీడ రావాలంటే ఏళ్లు పడుతుంది, అదీ నీళ్లు పోసే మనిషి ఉంటేనే.

రాత్రి నడకలో దీపాలు ఎన్ని అనేదాని కన్నా వెలుగు ఎక్కడ పడుతోందో చూడండి. చాలా స్తంభాలు రోడ్డుకే వెలుగిస్తాయి, చెట్ల కొమ్మలకు ఇవతల కాలిబాట చీకట్లోనే ఉంటుంది. ఎక్కడైనా వంద మీటర్ల పాటు ఒక్క తలుపూ ఒక్క కిటికీ లేకుండా గోడే పోతోందా? రెండు కాలనీల మధ్య దారి అదే అయితే, ఆ దారిని సాయంత్రం ఏడు తర్వాత లేనట్టే లెక్కేయండి. చిన్న గేటుకు తాళం ఎప్పుడు పడుతుందో కూడా ఈ నడకలోనే తెలుస్తుంది. కాపలా మనిషిని అడగండి. బిల్డర్ ఆఫీసులో కన్నా ఇక్కడ సూటిగా జవాబు దొరుకుతుంది.

5. కొట్టు, బడి, బస్సు: ఉన్నవేవి, రాబోయేవేవి

‘త్వరలో’ అన్న మాటకు గుండు సున్నా మార్కులు వేయండి. వీధి మూలన చిన్న సరుకుల కొట్టు నిలబడాలంటే చుట్టూ సుమారు వెయ్యి కుటుంబాలు కావాలన్నది ప్లానర్లు వాడే మోటు లెక్క. వెయ్యి ఇళ్లు అమ్ముడుపోవడం కాదు, వెయ్యి ఇళ్లలో మనుషులుండాలి. రాత్రి ఎనిమిదింటికి బ్లాకు ముందు నిలబడి వెలుగున్న కిటికీలు లెక్కపెట్టండి. ఇరవైకి ఎనిమిది వెలుగుతుంటే కొట్టుకు గిరాకీ అంతే.

మూడు వందల ఇళ్ల గేటెడ్ కమ్యూనిటీ లోపల పెట్టిన కొట్టు ఎందుకు మూతపడుతుందో ఈ లెక్కలోనే ఉంది. బయటివాళ్లు లోపలికి రారు, లోపలివాళ్లు చాలరు. అదే కొట్టును గోడ అంచున, రెండు వైపులా తలుపులతో పెడితే రెండు మూడు కాలనీల గిరాకీ కలిసి నిలబడుతుంది. పెర్రీ దుకాణాలను అంచుల్లోని కూడళ్లకు నెట్టడం వెనక ఉన్న కారణమూ ఇదే. కాబట్టి మీ లేఅవుట్‌లో కొట్ల స్థలం ఎక్కడుందో చూసి, అది బతుకుతుందో లేదో మీరే ఊహించవచ్చు.

బడి విషయంలో ‘బడికి కేటాయించిన స్థలం’ అన్నదీ ‘బడి’ అన్నదీ ఒకటి కాదు. స్థలం ఎవరి పేరున ఉంది, కట్టేదెవరు, ఒప్పందం ఉందా అడగండి. నడుస్తున్న బడే అయితే ఆ వీధి పిల్లలకు ప్రవేశం ఇస్తారా అని బడికే ఫోను చేయండి.

బస్సు 15 నిమిషాలకొకటి ఉంటే టైం చూడకుండా వెళ్లొచ్చు, సగటున ఏడెనిమిది నిమిషాల ఎదురుచూపు. అరగంటకొకటి అయితే జీవితం టైంటేబుల్ ప్రకారం నడుస్తుంది. ఆఖరి బస్సు ఎన్నింటికో మరిచిపోకుండా రాసుకోండి.

6. కాగితాలు

అనుమతి పొందిన లేఅవుట్ ప్లాను నకలు తెచ్చుకోండి. బిల్డర్ ఇచ్చింది కాదు, ప్రణాళికా విభాగం నుంచి ముద్ర, నంబరు, తేదీ ఉన్నది. తర్వాత సవరణలు జరిగాయేమో అడిగి ఆఖరిదే తీసుకోండి. దాన్ని బ్రోచర్ పక్కన పరిచి, రంగు పెన్నుతో ఐదు చోట్ల గుండ్రాలు చుట్టండి: కాలినడక గేట్లు, కాలిబాటలు, పార్కులు, బడి స్థలం, కొట్ల స్థలం. ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేనివన్నీ బేరం మొదలుకాకముందే అడగాల్సిన ప్రశ్నలు. బ్రోచర్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ‘ఊహాచిత్రం మాత్రమే’ అని ఉంటుంది. ఆ వాక్యం ముందు పేజీలన్నిటినీ రద్దు చేస్తుంది.

అదే ఆఫీసులో మాస్టర్ ప్లాను కూడా చూడండి. మీ ఇంటి ముందరి ప్రశాంతమైన వీధి అందులో ముప్ఫై మీటర్ల రహదారిగా ఉందేమో. పక్కనున్న ఖాళీ స్థలం ఏ వినియోగానికి కేటాయించారో. వరద ముంపు మ్యాపు ఉంటే అదీ.

తర్వాతి ప్రశ్న: వీధులు ఎవరివి? స్థానిక సంస్థకు అప్పగించారా, ఇంకా ప్రైవేటువేనా? ప్రైవేటువైతే రోడ్డు వేయించడం, దీపం మార్చడం, పగిలిన కాలిబాట రాయి బిగించడం అన్నీ మీ మెయింటెనెన్స్ డబ్బులోంచే. అసోసియేషన్ మూడేళ్ల లెక్కలు, సమావేశాల మినిట్స్ అడగండి. పెద్ద మరమ్మతులకు విడిగా దాచిన నిధి ఎంతుందో చూడండి. అది ఖాళీగా ఉండి నెలవారీ రుసుం తక్కువగా ఉంటే సంతోషించకండి, ఆ ఖర్చు ఒకేసారి నెత్తిన పడుతుంది. మినిట్స్ చదవడానికి విసుగ్గా ఉంటాయి గాని, చిన్న గేటు మూసేయాలా వద్దా అన్న గొడవ, పార్కింగ్ తగాదా, నీళ్ల కొరత, అన్నీ అక్కడే బయటపడతాయి. నియమావళిలో గేట్ల వేళలు ఎవరు మార్చగలరు, ఎంతమంది ఓట్లతో అన్నది వెతకండి.

యాజమాన్య హక్కు, తాకట్లు, కోర్టు కేసులు చూడడానికి మీ సొంత లాయరును పెట్టుకోండి. బిల్డర్ పరిచయం చేసిన లాయరు ఎంత మంచివాడైనా మీ లాయరు కాడు. ఇంటి హద్దులు అనుమానంగా ఉంటే సర్వేయరుతో కొలిపించండి. నడకదారి వేరొకరి స్థలం మీదుగా పోతుంటే, ఆ దారి హక్కు రిజిస్టరైన పత్రంలో ఉందా, నోటిమాటా అని లాయరును ప్రత్యేకంగా అడగండి. ఇది వాళ్లంతట వాళ్లు చూడరు.

7. డబ్బు లెక్క

నడవగలిగే చోట ఇంటికి ధర ఎక్కువ అడుగుతారు. ఆ ఎక్కువ మీకు తిరిగి వస్తుందా అన్నది ఒకే ప్రశ్న మీద ఉంటుంది: ఇంట్లో ఒక బండి తగ్గుతుందా? తగ్గితే దాని వాయిదా, బీమా, ఇంధనం, సర్వీసు, పార్కింగ్ ఏడాదికి ఎంతో కూడి, పెరిగే ఇంటి వాయిదా పక్కన పెట్టండి. బండ్లన్నీ అలాగే ఉంటే నడక మీకు సౌకర్యమే, పొదుపు కాదు. అలాంటప్పుడు పొదుపు పేరు చెప్పి ఎక్కువ అప్పు చేయకండి.

8. సంతకానికి ముందు

సేల్ అగ్రిమెంటుకు అనుమతి పొందిన ప్లాను నకలును జత చేయించి, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలూ పెట్టించండి. మీ నిర్ణయం దేని మీద ఆధారపడి ఉందో దాన్ని వాక్యంగా రాయించండి. ఉదాహరణకు: ‘తూర్పు వైపు 1.5 మీటర్ల కాలినడక గేటు ఫలానా తేదీలోగా తెరుస్తాం, ఉదయం 5 నుంచి రాత్రి 11 దాకా నివాసులకు తెరిచి ఉంచుతాం, తెరవకపోతే అడ్వాన్సు తిరిగి ఇస్తాం.’ వెడల్పు, వేళలు, తేదీ, తప్పితే ఏమవుతుంది, ఈ నాలుగూ లేని వాక్యం లాయరు చేతిలో ఆయుధం కాదు. బాధ్యత అసోసియేషన్‌కు మారిన తర్వాత కూడా ఈ షరతు నిలుస్తుందా అన్నది రాయించేటప్పుడే లాయరుతో తేల్చుకోండి. అక్కడే చాలా గేట్లు మూతపడతాయి.

బిల్డర్ ఒప్పుకోకపోతే తగాదా పడనక్కర్లేదు. ఆ గేటు లేదనుకుని రెండో మెట్టులోని లెక్క మళ్లీ వేయండి. బడికి 420 మీటర్లు ఉన్నది 1,150 అయితే, ఆ ఇల్లు 1,150 మీటర్ల ఇల్లే. ధర కూడా దానికి తగ్గట్టే మాట్లాడండి.